సొంతవాళ్లే చెత్త అన్నప్పుడు

లాంగ్‌స్టన్ హ్యూస్ రెండో కవితా సంపుటి 1927 మొదట్లో న్యూయార్క్‌లో అచ్చయింది. అప్పటికి అతనికి పాతికేళ్లు. పుస్తకం బజారులోకి వచ్చీరాగానే సమీక్షలు మొదలయ్యాయి. పిట్స్‌బర్గ్ కొరియర్ పత్రిక ఆ కవితలు చెత్త అని శీర్షికలోనే తేల్చేసింది. న్యూయార్క్‌లోని ఆమ్‌స్టర్‌డామ్ న్యూస్ ఈ కవి మురుగుకాలవలో బతికేవాడు అంది. ఆస్థానకవి అనే బిరుదును తిరగేసి, హార్లెం పేటకు ఇతను అధమకవి అని చికాగో విప్ వెక్కిరించింది. ఈ పుస్తకం జాతికి తలవంపులని, మన లోపాలన్నిటినీ ఊరేగించాడని ఇంకొందరు రాశారు.

ఈ పత్రికలన్నీ నల్లజాతివాళ్లవే. నల్లవాళ్లు పెట్టి, నల్లవాళ్లు నడిపి, నల్లవాళ్లు చదివే పత్రికలు. తెల్లవాళ్ల పత్రికలూ సాహిత్య పత్రికలూ మాత్రం ఆ పుస్తకాన్ని బాగానే మెచ్చుకున్నాయి.

వందేళ్ల కిందటి అమెరికా కథ ఇప్పుడు మనకెందుకంటే, మన గూడేల నుంచీ తండాల నుంచీ కొత్తగా రాస్తున్న పిల్లలకు రెండు వైపుల నుంచీ దెబ్బలు తగులుతున్నాయి. బయటివాళ్లు "ఇదేం భాష, దీన్ని కథంటారా" అంటారు. లోపలివాళ్లు "మన పరువు బజారుకీడ్చావు" అంటారు. మొదటి మాటకు బడిలో చేరిన రోజు నుంచే మనం అలవాటు పడ్డాం. రెండో మాట అలా కాదు. అది పెద్దనాన్న నోటి నుంచి వస్తుంది, సంఘం నాయకుడి నోటి నుంచి వస్తుంది, ఒక్కోసారి తనకు అక్షరాలు నేర్పిన మాస్టారి నోటి నుంచే వస్తుంది. ఆ మాట విన్నాక రెండో కథ రాయకుండా ఆగిపోయినవాళ్లు మనలో ఉన్నారు. హ్యూస్ ఆగలేదు. అతను ఏం చేశాడన్నది చరిత్రలో కాస్త చిక్కుపడి ఉంది. ఆ చిక్కును విప్పి చూడాలి.

హ్యూస్ కాన్సస్ రాష్ట్రంలోని లారెన్స్ అనే ఊళ్లో అమ్మమ్మ దగ్గర పెరిగాడు. బానిసత్వానికి వ్యతిరేకంగా 1859లో హార్పర్స్ ఫెర్రీ ఆయుధాగారం మీద జాన్ బ్రౌన్ చేసిన దాడిలో ఆ అమ్మమ్మ మొదటి భర్త ప్రాణాలు వదిలాడు. పౌరుషం గల ఇల్లు అది, కానీ డబ్బు లేదు. హ్యూస్ కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరి, ఏడాదికే మానేశాడు. ఓడలో కూలీగా ఆఫ్రికా తీరం చూశాడు. పారిస్‌లో ఒక రాత్రి క్లబ్బు వంటగదిలో గిన్నెలు కడిగాడు. వాషింగ్టన్‌లో బట్టలుతికే దుకాణంలో పనిచేశాడు, తర్వాత ఒక హోటల్లో ఎంగిలి పళ్లాలు తీశాడు. 1925లో వేచెల్ లిండ్సే అనే పేరున్న కవి ఆ హోటల్లో దిగితే, అతని పళ్లెం పక్కన తన కవితలు మూడు పెట్టి వెళ్లిపోయాడు. లిండ్సే ఆ రాత్రి సభలో వాటిని చదివి వినిపించాడు. మర్నాటి పత్రికల్లో హోటల్ కుర్రాడు కవి అయిపోయాడు. నిజానికి అప్పటికే అతని మొదటి పుస్తకానికి ప్రచురణకర్త దొరికాడు, 1926 జనవరిలో అది అచ్చయింది కూడా. కానీ లోకానికి నచ్చేది పళ్లెం పక్కన కాగితాల కథే.

వాషింగ్టన్‌లో చదువుకున్న నల్లవాళ్ల సమాజం ఒకటి ఉండేది. డాక్టర్లు, లాయర్లు, ప్రొఫెసర్లు. వాళ్ల మధ్య హ్యూస్‌కు ఊపిరాడేది కాదు. సెవెంత్ స్ట్రీట్ అనే వీధిలో పొట్ట చేతపట్టుకుని దక్షిణాది నుంచి వచ్చిన పనివాళ్లు ఉండేవాళ్లు. సాయంత్రమయ్యేసరికి వాళ్ల పాటలు వినడానికి అక్కడికి వెళ్లేవాడు. ఆ పాటల్ని బ్లూస్ అంటారు. బ్లూస్ కట్టుబడి తేలికే. ఒక మాట పాడతారు, అదే మాట మళ్లీ పాడతారు, మూడో చరణంలో దానికి జవాబో విరుపో వస్తుంది. నాట్లేసేటప్పుడు ఒకరు అందుకున్న చరణాన్ని మిగతావాళ్లు తిరిగి పాడుతుంటే విన్నవాళ్లకు ఆ రెండోసారి ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. బాధ ఒక్కసారి చెబితే తీరదు. రెండో పుస్తకంలో హ్యూస్ ఈ కట్టుబడినే పట్టుకున్నాడు, ఆ యాసలోనే రాశాడు. పుస్తకం నిండా ఉమ్మితొట్లు తోమే హోటల్ కుర్రాళ్లు, మొగుడు వదిలేసిన ఆడవాళ్లు, తాగుబోతులు, ఒళ్లమ్ముకునేవాళ్లు, గుడిలో గొంతెత్తి ప్రార్థించే ముసలమ్మలు.

పెద్దమనుషులకు కోపం వచ్చింది అందుకే. అయితే ఆ కోపాన్ని వట్టి డాంబికం అని కొట్టిపారేస్తే చరిత్రకు అన్యాయం చేసినట్టవుతుంది. అప్పటికి దశాబ్దాలుగా తెల్ల నటులు ముఖానికి మసి పూసుకుని, నల్లవాళ్ల యాసను ఎగతాళి చేస్తూ నాటకాలాడి డబ్బు చేసుకుంటున్నారు. 1915లో వచ్చిన 'ద బర్త్ ఆఫ్ ఎ నేషన్' సినిమా నల్ల మగవాణ్ని ఆడవాళ్ల మీద పడే మృగంగా చూపింది, ముసుగులేసుకుని నల్లవాళ్లను చంపేవాళ్లను వీరులుగా చూపింది. దక్షిణాదిలో మూకలు మనుషుల్ని చెట్లకు వేలాడదీస్తున్న కాలం. అలాంటి చోట ఒక నల్ల కవి తాగుబోతుల గురించి, నల్లవాళ్ల యాసలో, తెల్లవాళ్ల ప్రచురణ సంస్థ నుంచి పుస్తకం తెస్తే, "శత్రువు చేతికి కర్ర నువ్వే అందిస్తున్నావు" అనడంలో భయం ఉంది, ఆ భయానికి కారణం ఉంది. ఆ రోజుల్లో నల్లవాళ్ల మేధావుల్లో పెద్దవాడు డుబోయిస్. హ్యూస్ తొలి కవితల్ని 1921 నుంచి అచ్చేసిన క్రైసిస్ పత్రికకు సంపాదకుడు. నల్లజాతివాళ్లను సాహిత్యంలో ఎలా చిత్రించాలి అని ఆ పత్రిక 1926లో రచయితలందరికీ ప్రశ్నలు పంపి జవాబులు అచ్చేసింది. అంటే హ్యూస్ పుస్తకం రాకముందే అక్కడ పొయ్యి రాజుకుని ఉంది.

మన దగ్గరా ఈ భయం ఊరికే పుట్టలేదు. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం తెచ్చిన నేరస్థ తెగల చట్టం కింద దేశంలో ఎన్నో తెగల్ని పుట్టుకతోనే దొంగలుగా రాసిపెట్టారు. తర్వాత మద్రాసు రాష్ట్రంలో ఎరుకలను ఆ జాబితాలో చేర్చారు. 1952లో దేశమంతటా ఆ జాబితా పోయింది, కానీ ఆ ముద్ర మనుషుల మనసుల్లోంచి పోలేదు. ఎరుకల ఇంటి పిల్లవాడు ఒక దొంగ గురించి కథ రాస్తే వాళ్ల తాత "ఎందుకురా ఇది" అంటాడు. ఆ మాట అనే హక్కు ఆయనకు ఉంది. ఆ కథ రాసే హక్కు మనవడికీ ఉంది. రెండు హక్కులూ ఒకే ఇంట్లో ఉండటమే కష్టం.

హ్యూస్ దీన్ని ఎలా తట్టుకున్నాడు? 1940లో అచ్చయిన 'ద బిగ్ సీ' అనే ఆత్మకథలో అతను దీని గురించి రాశాడు. ఆ విమర్శలను పట్టించుకోలేదని, నిరసన ఉత్తరాలు రాయలేదని, తన పుస్తకాన్ని సమర్థించుకునే ప్రయత్నమే చేయలేదని అక్కడ చెబుతాడు. ఇది చదివి చాలామంది "మౌనమే సరైన జవాబు" అని అతన్ని ఉదాహరణగా చూపుతారు.

కానీ పాత పత్రికలు తిరగేస్తే వేరే సంగతి కనపడుతుంది. పుస్తకాన్ని చెత్త అన్న పిట్స్‌బర్గ్ కొరియర్‌లోనే 1927 ఏప్రిల్‌లో, విమర్శకుల మీద విమర్శగా, హ్యూస్ వ్యాసం రెండు భాగాలుగా అచ్చయింది. అందులో ఒక్కో ఆరోపణనూ తీసుకుని జవాబు చెప్పాడు. కవితలు మొరటుగా ఉన్నాయంటే, జీవితమూ అలాగే ఉందన్నాడు. తాగేవాళ్ల గురించీ చెడిన ఆడవాళ్ల గురించీ రాశావంటే, వాళ్లూ మనుషులేనన్నాడు. కార్ల్ వాన్ వెక్టెన్ అనే తెల్ల రచయిత ఇతన్ని చెడగొట్టాడని పుకారు ఉండేది. ఆ కవితల్లో చాలా వాటిని అతని పరిచయానికి ముందే రాశానని తేల్చి చెప్పాడు.

మరి ఆత్మకథలో ఎందుకలా రాశాడు? అబద్ధమాడాడు అనడం తొందరపాటు. పదమూడేళ్లు గడిచాక, గాయం మానాక రాసిన మాట అది. నా ఉద్దేశంలో 1927 నాటి కుర్రాడు కొత్త రచయితకు ఎక్కువ పనికొస్తాడు. అతనికి నొప్పి తగిలింది, కోపం వచ్చింది. కానీ ఆ కోపంతో నలుగురు సమీక్షకులకు నాలుగు ఉత్తరాలు రాయలేదు. ఆలోచించి, ఒక్కసారి, అందరూ చదివే చోట, మనుషుల్ని తిట్టకుండా, తాను ఎవరి గురించి ఎందుకు రాస్తున్నాడో చెప్పాడు. ఆ తర్వాత తన పనిలో పడ్డాడు.

విమర్శ అంతటినీ ఒకే గంపలో వేసి పారేయలేదు కూడా. పుస్తకం పేరు సంగతే తీసుకోండి. 'ఫైన్ క్లోత్స్ టు ద జ్యూ' అంటే మంచి బట్టలు యూదుడి కొట్టుకు పోయాయని. చేతిలో పైసా లేని పనివాళ్లు ఆదివారం బట్టల్ని తాకట్టు కొట్లో పెట్టేవాళ్లు. ఆ కొట్లు చాలావరకు యూదులవి కాబట్టి వాడుకలో అలా అనేవాళ్లు. ఆ పేరు యూదుల మనసు నొప్పించింది. అది తప్పు పేరని హ్యూస్ తన ఆత్మకథలో సూటిగా ఒప్పుకున్నాడు. ఒక పీడిత జాతి బాధ చెప్పబోయి ఇంకో పీడిత జాతిని నొప్పించే పేరు పెట్టడం లోపమే, ఆ లోపం ఎత్తిచూపినవాళ్లు శత్రువులు కారు. కానీ "ఇలాంటి మనుషుల గురించి రాయొద్దు" అన్న మాటను మాత్రం అతను చివరిదాకా ఒప్పుకోలేదు. పెద్దింటివాళ్ల గురించి మంచి పుస్తకాలు రావాలన్న వాళ్ల కోరికలో న్యాయం ఉందన్నాడు. తనకు తెలిసినవాళ్లు మాత్రం హార్వర్డ్‌లో చదివినవాళ్లు కారని, వాళ్లూ మంచివాళ్లేనని రాశాడు.

మన ఉపాధ్యాయులు పిల్లల రాతలు చూసేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోవడం మంచిది. "ఈ వాక్యం తెగలేదు", "ఈ పేరు ఫలానావాళ్లను నొప్పిస్తుంది", "ఈ కథలో అమ్మ పాత్ర సగంలో మాయమైంది" అన్నది రాత మీద చెప్పే మాట. పిల్ల దాన్ని దిద్దుకోగలదు. "ఇలాంటివాళ్ల గురించి ఎందుకు రాశావు" అంటే, అది రాత మీది మాట కాదు, వాళ్ల బతుకు మీది మాట. ఆ పిల్ల దేన్ని దిద్దుకుంటుంది?

1928లో హ్యూస్‌కు ఒక ఉత్తరం వచ్చింది. రాసింది జోరా నీల్ హర్స్టన్. తనూ రచయిత్రే. అప్పుడు దక్షిణాదిలో ఊరూరా తిరిగి జానపద కథలు సేకరిస్తోంది. కథలు చెప్పించడానికి జనాన్ని పోగుచేసినప్పుడల్లా ముందు హ్యూస్ ఎవరో చెప్పి, ఈ పుస్తకంలోంచే కవితలు చదివేదట. రైలు పట్టాల కూలీలు, ఫాస్ఫేట్ గనుల్లో పనిచేసేవాళ్లు, అడవిలో జిగురు తీసి కాచేవాళ్లు విని వాటిని పాటలుగా కట్టుకుని పాడుతున్నారట, మాటల మధ్యలో వాడుతున్నారట. ఆ పుస్తకానికి వాళ్లు తమ పేరు కూడా పెట్టుకున్నారు: పండగ పుస్తకం. చదువుకున్నవాళ్ల పత్రిక మురుగుకాలవ అన్న పుస్తకానికి, ఆ పుస్తకం ఎవరి గురించో వాళ్లు పెట్టుకున్న పేరు అది. ఇలాంటి సమీక్ష ఏ పత్రికలోనూ అచ్చవదు. రాసినవాడు వెతుక్కుంటూ వెళ్లాలి, లేదా హర్స్టన్ లాంటి స్నేహితురాలు తెచ్చి చెప్పాలి.

మెప్పు కూడా మనిషిని తప్పుదారి పట్టిస్తుందని హ్యూస్‌కు ఆ ఏళ్లలోనే తెలిసింది. షార్లెట్ మేసన్ అనే తెల్ల ధనికురాలు 1927 నుంచి అతనికి నెలనెలా డబ్బిచ్చి పోషించింది. హర్స్టన్‌కు కూడా ఆమే డబ్బిచ్చేది. నల్లవాళ్లలో ఆదిమ శక్తి ఏదో ఉందని, అది పాడుకాకుండా రాయాలని ఆమె కోరిక. హ్యూస్‌కు ఆఫ్రికా ఇష్టమే, కానీ అతను పెరిగింది కాన్సస్‌లో, తిరిగింది చికాగోలో, హార్లెంలో. ఆమె కోరిన అడవి డప్పు అతనిలో లేదు. 1930లో ఆ పోషణ తెగిపోయింది, ఆ దిగులుతో అతను మంచం పట్టాడు. విల్లంబులు, ఈకలు, నాట్యం ఉంటేనే మన రచనను "అసలైన గిరిజన సాహిత్యం" అని మెచ్చుకునేవాళ్లు మన చుట్టూ కూడా ఉన్నారు. ఆశ్రమ పాఠశాల హాస్టల్లో నీళ్ల సాంబారు గురించి రాస్తే వాళ్లకు రుచించదు.

1930లోనే హ్యూస్ మొదటి నవల 'నాట్ వితౌట్ లాఫ్టర్' వచ్చింది. అందులో హేగర్ అనే ముసలమ్మ తెల్లవాళ్ల ఇళ్ల బట్టలుతికి బతుకుతుంది. ఆమెకు ముగ్గురు కూతుళ్లు. ఒకరు తెల్లవాళ్ల ఇంట్లో వంట చేస్తుంది, ఒకరు బ్లూస్ పాటగత్తె అవుతుంది, ఒకరు పెద్దింటి మర్యాదలు నేర్చి ఆ పాటలంటేనే ముఖం చిట్లిస్తుంది. ముగ్గురూ ఒక్క తల్లి పిల్లలే. విమర్శకులకు హ్యూస్ ఇచ్చిన అసలు జవాబు కొరియర్ వ్యాసం కాదు, ఈ ఇల్లు అనిపిస్తుంది నాకు. తనను తిట్టినవాళ్లను కూడా కథలోకి తెచ్చి కూర్చోబెట్టాడు. మరుసటి ఏడు, బాలికల విద్య కోసం పాటుపడిన మేరీ మెక్‌లాడ్ బెథూన్ సలహా మీద, ఒక కారులో దక్షిణాది అంతా తిరిగాడు. నల్లపిల్లల బడుల్లో, కాలేజీల్లో, గుళ్లలో కవితలు చదివాడు. ఖరీదైన పుస్తకం కొనలేనివాళ్ల కోసం పావు డాలరుకు ఒక చిన్న పుస్తకం అచ్చేయించి వెంట తీసుకెళ్లాడు. తిట్లు తిన్న ఆ సంపుటిలోని కవితలు చాలావాటిని పదేళ్లు తిరిగేసరికి నల్లవాళ్ల బడుల్లో, కాలేజీల్లో పాఠంగా చెబుతున్నారని ఆత్మకథలో రాసుకున్నాడు.

అందరికీ ఇలా కలిసిరాదు. ఆ మంచి ఉత్తరం రాసిన హర్స్టన్ సంగతి చూడండి. ఆమె నవల 'దెయిర్ ఐస్ వర్ వాచింగ్ గాడ్' 1937లో వచ్చింది. రిచర్డ్ రైట్ అనే యువ నల్ల రచయిత దాన్ని న్యూ మాసెస్ పత్రికలో చీల్చి చెండాడాడు. అందులో చెప్పుకోదగ్గ విషయమే లేదని, తెల్లవాళ్లను మురిపించడానికి రాసిందని అన్నాడు. రైట్ పెద్దింటివాడు కాడు, మిసిసిపీలో ఆకలితో పెరిగినవాడు. హ్యూస్‌ను కొట్టిన చెయ్యి మర్యాదస్థులది, హర్స్టన్‌ను కొట్టింది పేదవాళ్ల పక్షాన నిలబడ్డ రచయిత. పాత గురువు అలైన్ లాక్ కూడా చిన్నచూపు చూశాడు. లాక్‌కు ఆమె కోపంతో జవాబు రాసింది, అది అచ్చు కాలేదు. ఆమె 1960లో ఫ్లోరిడాలో పేదరికంలో చనిపోయింది. సమాధి మీద పేరు కూడా లేదు. 1973లో ఆలిస్ వాకర్ అనే రచయిత్రి గడ్డిలో వెతుక్కుంటూ వెళ్లి రాయి పెట్టించింది. ఈ రోజు ఆ నవలను లోకమంతా చదువుతోంది. కానీ ఆమె చూడలేదు. చెడ్డ సమీక్ష వల్ల నష్టమేమీ ఉండదని కొత్తవాళ్లకు చెప్పేవాళ్లు ఈ సమాధి సంగతి కూడా చెప్పాలి.

యాసలో రాయడం మీద వచ్చిన తిట్టు తెలుగుకు కొత్త కాదు. 'గ్రామ్యం' అన్న ఒక్క మాటతో ఎంతో రాతను పక్కన పెట్టిన కాలం ఉంది. దానికి ఎదురు నిలిచిన గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో సవరల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకు బడులు పెట్టించినవాడు. ఆయన రాసిన సవర భాషా గ్రంథాన్ని 1931లో మద్రాసు ప్రభుత్వం అచ్చువేసింది. జనం మాట్లాడేదే భాష అని వాదించిన మనిషి సవరల మాటనూ అంత శ్రద్ధగా విన్నవాడు కావడం మనం గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి.

సొంతవాళ్ల కోపం ఎంతదాకా వెళ్లగలదో మన దేశంలోనే ఈ మధ్య చూశాం. హాంసదా సౌభేంద్ర శేఖర్ సంతాల్ ఆదివాసీ, జార్ఖండ్‌లో ప్రభుత్వ డాక్టరు. మొదటి నవలకు 2015లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. అదే ఏడు 'ద ఆదివాసీ విల్ నాట్ డాన్స్' అనే కథల పుస్తకం తెచ్చాడు. ఆదివాసీ ఇక ఆడడు అని దాని అర్థం. అందులో ఒక కథ, వలస పోతూ ఆకలికి ఒళ్లమ్ముకున్న సంతాల్ పిల్ల గురించి. సంతాల్ ఆడవాళ్లను అవమానించాడని సంతాల్‌లలోనే కొందరు మండిపడ్డారు, దిష్టిబొమ్మలు తగలబెట్టారు. 2017 ఆగస్టులో ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించి, అతన్ని ఉద్యోగం నుంచి సస్పెండ్ చేసింది. ఇది సమీక్ష హద్దు దాటిన సంగతి. పుస్తకం నచ్చలేదనడం వేరు, రాసినవాడి అన్నం తీసేయడం వేరు. ఈ రెంటినీ కలిపేసి "విమర్శను తట్టుకోవాలి బాబూ" అని అతనికి నీతులు చెప్పినవాళ్లతో నాకు పేచీ ఉంది.

ఆ డిసెంబరులో నిషేధం ఎత్తేశారు. మరుసటి ఏడు సస్పెన్షన్ కూడా పోయింది. ఆ 2018లోనే అతని కొత్త పుస్తకాలు రెండు వచ్చాయి. 'మై ఫాదర్స్ గార్డెన్' నవల. 'జ్వాలా కుమార్ అండ్ ద గిఫ్ట్ ఆఫ్ ఫైర్' చిన్నపిల్లల కోసం రాసింది.